వెస్ట్ పాయింట్ వదిలి వస్తే కాలేజీ ఫీజు సంగతేమిటి?

న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున వెస్ట్ పాయింట్, మేరీల్యాండ్‌లో అనాపొలిస్ నౌకాదళ అకాడమీ, కొలరాడో స్ప్రింగ్స్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. అమెరికా సైన్యానికి ఆఫీసర్లను తయారుచేసే ఈ కాలేజీల్లో ఎక్కడ సీటు వచ్చినా అది ఊరంతా చెప్పుకునే మాటే. మార్కులు చాలవు. పరుగు పందెంలో నిలబడాలి, వైద్య పరీక్ష దాటాలి, మామూలుగా తమ ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడో సెనేటరో నామినేట్ చేయాలి. అమెరికా పౌరులై ఉండాలి కాబట్టి మన ఇళ్లలో ఈ దారి పట్టేది ఎక్కువగా అక్కడే పుట్టిన పిల్లలు. అమ్మానాన్నలు మాత్రం గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వెళ్లి, ఈ వ్యవస్థ గురించి ఒక్కో ముక్కా కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు.

అలాంటి ఇంటికి ఒక రోజు ఫోన్ వస్తుంది. "నాన్నా, నేనిక్కడ ఉండలేను." కారణం ఏదైనా కావచ్చు. మోకాలు పోయి ఉండొచ్చు, లెక్కల్లో తప్పి ఉండొచ్చు, ఆ జీవితం తనది కాదని తెలిసి ఉండొచ్చు. మొదట బాధ, ఆ రాత్రే లెక్కలు. అక్కడ చదువు, తిండి, గది అన్నీ ఉచితం. పైగా నెలనెలా జీతం. కొత్తగా చేరిన సెకండ్ లెఫ్టినెంట్ మూల వేతనంలో 35 శాతం ఇవ్వాలని చట్టమే చెబుతుంది. 2025లో అది నెలకు సుమారు 1,400 డాలర్లు. యూనిఫాం, లాండ్రీ లాంటి కోతలు పోగా చేతికి వచ్చేది తక్కువే అయినా, ఇంటి నుంచి పైసా పంపనక్కర్లేదు. అక్కడి నుంచి ఒక్కసారిగా మామూలు యూనివర్సిటీ ఫీజు ముందు నిలబడాలి. దానికి తోడు అకాడమీకి ఏమైనా తిరిగి కట్టాల్సి వస్తుందేమో అన్న భయం.

ఆ భయంతో పిల్లల్ని ఇంకో ఏడాది బలవంతంగా అక్కడే ఉంచేస్తారు కొందరు. నన్నడిగితే అసలు ప్రమాదం అందులోనే ఉంది. ఎందుకో చెప్పాలంటే ముందు ఒక తేదీ గురించి చెప్పాలి.

మూడో ఏడాది మొదటి క్లాసు

అకాడమీలో చేరిన రోజే పిల్లలు ప్రమాణం చేస్తారు, కాగితాల మీద సంతకాలు పెడతారు. దాంతో కట్టుబడిపోయారని పెద్దవాళ్లు అనుకుంటారు. నిజానికి మొదటి రెండేళ్లలో ఎప్పుడు బయటికి వచ్చినా అప్పటిదాకా చదివిన చదువుకు డబ్బు తిరిగి కట్టనక్కర్లేదు, సైన్యంలో పనిచేయనక్కర్లేదు. అకాడమీకి రాకముందే సిపాయిగా చేరినవాళ్ల సంగతి వేరు. వాళ్ల పాత ఒప్పందంలో మిగిలిన కాలం అలాగే ఉంటుంది.

మూడో ఏడాది చదువు మొదలయ్యేటప్పుడు లెక్క మారిపోతుంది. దీన్ని 'టూ ఫర్ సెవెన్' అంటారు. మిగిలిన రెండేళ్ల చదువు, ఆ తర్వాత కనీసం ఐదేళ్ల సైనిక ఉద్యోగం, మొత్తం ఏడేళ్లకు కట్టుబడుతున్నానని పిల్లలు ఆగస్టులో ఒప్పుకుంటారు. వెస్ట్ పాయింట్‌లో దానికి ప్రత్యేకంగా ఒక వేడుకే జరుగుతుంది. ఆ గీత దాటాక మానేస్తే ఆ సైనిక విభాగపు కార్యదర్శికి రెండు దారులు ఉంటాయి. నాలుగేళ్లకు మించకుండా మామూలు సిపాయిగానో నావికుడిగానో పనిచేయమనవచ్చు. లేదా అప్పటిదాకా అయిన చదువు ఖర్చు తిరిగి కట్టమనవచ్చు. ఆ ఖర్చు లక్ష డాలర్లు దాటడం వింతేమీ కాదు, ఎందుకంటే మొదటి రెండేళ్లు కూడా అందులో కలుస్తాయి. జూలైలో వస్తే సున్నా, సెప్టెంబరులో వస్తే ఇల్లు కొనడానికి దాచిన ముందస్తు సొమ్మంత.

అందుకే "ఇంకొక్క సెమిస్టర్ చూడు, సర్దుకుంటావు" అన్న మాట మొదటి ఏడాదిలో అంటే మంచి మాటే. రెండో ఏడాది తర్వాతి వేసవిలో అనేముందు కేలండర్ చూడాలి. పిల్లవాడికి ఇష్టం లేదని నిజంగా తెలిసిపోయాక, "అంత కష్టపడి వచ్చిన సీటు, జనం ఏమనుకుంటారు" అని ఆగస్టు దాటించడం కంటే ఖరీదైన మాట ఇంకోటి ఉండదు.

ఈ బాకీ గురించి ఇంకో రెండు సంగతులు. మన దేశంలో నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)లో చేరేటప్పుడు, సొంత కారణాలతో మానేస్తే శిక్షణ ఖర్చు కట్టేలా తల్లిదండ్రుల చేత బాండు రాయించుకుంటారు. అమెరికాలో ఈ బాకీ పిల్లలదే, అమ్మానాన్నల ఆస్తి మీదికి రాదు. కానీ వదిలించుకోవడం తేలిక కాదు. బయటికి వచ్చిన ఐదేళ్లలోపు దివాలా తీసినా ఇది రద్దు కాదని చట్టంలోనే ఉంది. రెండోది, ఆరోగ్యం దెబ్బతిని, తన తప్పేమీ లేకుండా పంపేస్తే మామూలుగా డబ్బు అడగరు. కట్టమనడం న్యాయం కాదనిపిస్తే మాఫీ చేసే అధికారం కూడా కార్యదర్శికి ఉంది. అది జరగకపోతే సైనిక రికార్డులను సరిదిద్దే బోర్డుకు అర్జీ పెట్టుకోవచ్చు. ఇంతదాకా వచ్చినవాళ్లు ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందే ఈ చట్టం తెలిసిన లాయర్‌తో మాట్లాడాలి. అకాడమీలోనే క్యాడెట్లకు ఉచితంగా న్యాయసలహా ఇచ్చే సైనిక లాయర్లు ఉంటారు.

చిన్న బాకీలు కూడా కొన్ని ఉంటాయి. చేరినప్పుడు యూనిఫాం, కంప్యూటర్ కోసం ముందుగా ఖాతాలో వేసిన సొమ్ము జీతంలోంచి నెలనెలా కోసుకుంటారు. మధ్యలో వచ్చేస్తే మిగిలింది తేల్చాలి. మూడో ఏడాది పిల్లలకు తక్కువ వడ్డీకి బ్యాంకులు ఇచ్చే పెద్ద అప్పు ఇంకోటి. వెస్ట్ పాయింట్‌లో మూడో ఏడాదివాళ్లను 'కౌ' అంటారు కాబట్టి దాని పేరు 'కౌ లోన్'. అది తీసుకుని కారు కొన్నాక బయటికి వస్తే ఆ తక్కువ వడ్డీ నిలవకపోవచ్చు. ఒప్పందం చదివి చూడాలి.

ఫాఫ్సాలో ఒక ప్రశ్న

ఇక రెండో సగం, నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది. అమెరికాలో ప్రభుత్వ సాయం కావాలంటే ఫాఫ్సా అనే దరఖాస్తు నింపాలి. మామూలుగా 24 ఏళ్లు నిండని, పెళ్లికాని విద్యార్థిని తల్లిదండ్రుల మీద ఆధారపడినట్టే లెక్కిస్తారు. 18 దాటినా, విడిగా ఉంటున్నా, ఇంటి నుంచి డబ్బు తీసుకోకపోయినా అంతే. అమ్మానాన్నల ఆదాయం చూస్తారు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఇంటికి అక్కడితో తలుపు మూసుకుపోతుంది. అందుకే మన కుటుంబాల్లో చాలామంది "మాకెలాగూ ఏమీ రాదు" అని ఫాఫ్సా జోలికే వెళ్లరు.

అకాడమీ నుంచి వచ్చిన పిల్లల విషయంలో అది పెద్ద పొరపాటు. ఆ దరఖాస్తులో మీరు వెటరనా అని ఒక ప్రశ్న ఉంటుంది. మాజీ సైనికుడు అనగానే యుద్ధానికి వెళ్లొచ్చినవాళ్ల గురించి అనుకుని "కాదు" అని కొట్టేస్తారు. కానీ సైనిక అకాడమీలో క్యాడెట్‌గానో మిడ్‌షిప్‌మన్‌గానో (నౌకాదళ అకాడమీ విద్యార్థి) ఉండి, అగౌరవకరమైన విడుదల కాకుండా బయటికి వచ్చినవాళ్లు కూడా ఫాఫ్సా లెక్కలో వెటరన్లే. ఒక్కరోజు ఉన్నా సరిపోతుందని విద్యాశాఖ మార్గదర్శకాలే చెబుతున్నాయి. అకాడమీల సన్నాహక పాఠశాలలకూ ఇది వర్తిస్తుంది. ఇష్టం లేక వచ్చేసినా, మార్కులు చాలక పంపేసినా అది అగౌరవకరమైన విడుదల కిందికి రాదు. ఇంకా అకాడమీలోనే ఉంటూ దరఖాస్తు పెడుతున్నా, ఆ విద్యా సంవత్సరం చివరి జూన్ 30 లోపు బయటపడతానంటే "అవును" అనే చెప్పవచ్చు.

ఆ ఒక్క జవాబుతో విద్యార్థి స్వతంత్రుడు అవుతాడు. ఇక అమ్మానాన్నల జీతాలు, ఆస్తులు ఫాఫ్సా అడగదు. చూసేది ఆ పిల్లవాడి ఆదాయమే. అదేమో క్యాడెట్ జీతం.

డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఒక ఇల్లు ఊహించుకుందాం. అమ్మానాన్నలు కలిసి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు సంపాదిస్తారు. అమ్మాయి 2024 వేసవిలో అకాడమీలో చేరి, 2026 మేలో రెండో ఏడాది ముగించుకుని ఇంటికి వచ్చింది. అక్కడ చదివిన కోర్సుల క్రెడిట్లన్నీ చెల్లుబాటై, ప్రభుత్వ యూనివర్సిటీలో మూడో ఏడాదిలో చేరిందనుకుందాం. 2026-27 ఫాఫ్సా చూసేది 2024 నాటి ఆదాయాన్ని. ఆ ఏడాది ఆమెకు వచ్చింది ఆరు నెలల క్యాడెట్ జీతం. తల్లిదండ్రుల లెక్కలో అయితే, ప్రభుత్వం ఇచ్చే, తిరిగి కట్టనక్కర్లేని పెల్ గ్రాంట్ సున్నా, తన పేరున ఫెడరల్ అప్పు 7,500 డాలర్లకు మించి రాదు. స్వతంత్రురాలిగా అయితే పెల్ గ్రాంట్ గరిష్ఠంగా 7,395 డాలర్లు వచ్చే అవకాశం ఉంది. అప్పు పరిమితి 12,500కు పెరుగుతుంది. అందులో 5,500 దాకా చదువుకునే కాలంలో వడ్డీ ప్రభుత్వమే భరించే రకం కావచ్చు. ఒక్క ఏడాదికే దాదాపు 19,900 డాలర్లు. ఇంటి నుంచి రోజూ వెళ్లి చదువుకునే అమ్మాయికి ట్యూషన్, పుస్తకాలు చాలావరకు అందులోనే గడిచిపోతాయి.

దీనికో మెలిక ఉంది. తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్ అప్పు ఆధారపడిన పిల్లలకే ఇస్తారు. స్వతంత్ర విద్యార్థి అమ్మానాన్నలకు అది దొరకదు. ఆ అప్పు మీద లెక్క వేసుకున్న ఇల్లు వేరే దారి చూసుకోవాలి. ఇంకోటి, ఫాఫ్సాలో స్వతంత్రులు అయినంత మాత్రాన ఆదాయపు పన్ను లెక్కలోనూ అయినట్టు కాదు. ఆ నియమాలు వేరు. సొంత రాష్ట్రపు తక్కువ ఫీజు ఎవరికి వర్తిస్తుందో తేల్చే నియమాలు మరీ వేరు, రాష్ట్రానికో రకం.

చాలాచోట్ల కథ అడ్డం తిరిగేది రుజువు దగ్గర. ఫాఫ్సా వివరాలను ప్రభుత్వం వెటరన్ల శాఖ రికార్డులతో సరిచూస్తుంది. క్యాడెట్ల పేర్లు అక్కడ దొరకకపోవచ్చు. అప్పుడు కాలేజీ ఆర్థిక సాయం కార్యాలయం నుంచి "మీరు వెటరన్ కాదని వచ్చింది, తల్లిదండ్రుల వివరాలు ఇవ్వండి" అని కబురు వస్తుంది. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు అకాడమీ నుంచి వచ్చిన విద్యార్థిని అంతకుముందు చూసి ఉండకపోవచ్చు. గొడవ పడనక్కర్లేదు. డీడీ 214 అనే విడుదల పత్రం ఇచ్చి ఉంటే అది, లేకపోతే ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉన్నారో, ఎలాంటి విడుదలో చెప్పే అకాడమీ ఉత్తరం చూపించాలి. ఫాఫ్సా సూచనల్లో క్యాడెట్, మిడ్‌షిప్‌మన్ అన్న మాటలున్న చోటు కూడా ముందు పెట్టాలి. అందుకే సామాను సర్దుకునేటప్పుడే ఆ ఉత్తరం అడిగి తెచ్చుకోవాలి. బయటికి వచ్చాక ఫోన్ల మీద తెప్పించుకోవడం నెలల పని.

ప్రైవేటు కాలేజీల లెక్క ఇంత సులువుగా ఉండదు. వాటిలో చాలా కాలేజీలు తమ సొంత డబ్బు పంచడానికి సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో దరఖాస్తు అడుగుతాయి. ఎవరు స్వతంత్రులో అవే నిర్ణయించుకుంటాయి. ఫెడరల్ సాయం లెక్కలో స్వతంత్రుడైన పిల్లవాడినే తమ గ్రాంటు దగ్గరికి వచ్చేసరికి "మీ నాన్న జీతమెంత" అని అడగవచ్చు. దరఖాస్తు ఫీజు కట్టకముందే మెయిల్ రాసి కనుక్కోవడం మంచిది.

529 ఖాతాను ముట్టుకోవద్దు

మన ఇళ్లలో పిల్లలు పుట్టగానే, చదువు కోసం పన్ను రాయితీతో దాచుకునే 529 ఖాతా తెరిచి నెలకు ఇంతని వేయడం అలవాటు. అకాడమీలో సీటు రాగానే "ఇక ఇదెందుకు, తీసేద్దాం" అనిపిస్తుంది. చట్టం అందుకు వీలూ ఇచ్చింది. చదువుకు వాడకుండా తీస్తే లాభం మీద పన్నుతో పాటు 10 శాతం అదనపు పన్ను కట్టాలి. పిల్లలు సైనిక అకాడమీలో చేరితే, ఆ చదువు ఖర్చుకు సమానమైన మొత్తం దాకా ఆ 10 శాతం ఉండదు. లాభం మీద ఆదాయపు పన్ను మాత్రం తప్పదు. ఇది చూసి తొందరపడి ఖాతా ఖాళీ చేసి ఇంటి అప్పు తీర్చేస్తే, రెండేళ్లకు అమ్మాయి తిరిగి వచ్చినప్పుడు చేతిలో ఏమీ ఉండదు. మూడో ఏడాది ఒప్పుకోలు అయ్యేదాకా ఆ ఖాతాను అలాగే ఉంచడం మేలని నా గట్టి అభిప్రాయం. అకాడమీలోనే చదువు పూర్తి చేసినా ఆ సొమ్ము ఎక్కడికీ పోదు. తర్వాత మాస్టర్స్‌కు వాడుకోవచ్చు, తమ్ముడి పేరుకో చెల్లెలి పేరుకో మార్చుకోవచ్చు.

ఇక్కడ ఫాఫ్సా కూడా కలిసొస్తుంది. స్వతంత్ర విద్యార్థి దరఖాస్తులో తల్లిదండ్రుల ఆస్తులు అడగరు కాబట్టి, వాళ్ల పేరున ఉన్న 529 ఖాతా కూడా లెక్కలోకి రాదు.

పన్నులో అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ అని ఏడాదికి 2,500 డాలర్ల దాకా తగ్గింపు ఉంది. ఒక విద్యార్థి పేరున నాలుగేళ్లే వాడుకోవాలి. అకాడమీలో ఫీజు కట్టలేదు కాబట్టి ఆ ఏళ్లు ఖర్చయి ఉండవు. కాకపోతే దంపతుల ఆదాయం 1,80,000 డాలర్లు దాటితే తల్లిదండ్రులకు ఇది దక్కదు.

కొత్త కాలేజీలో

ఫీజు ఎంత అన్నదాన్ని సాయం కంటే ముందే నిర్ణయించేది ఇంకోటుంది: ఎన్ని సెమిస్టర్లు చదవాలి. అకాడమీల్లో కాలిక్యులస్, కెమిస్ట్రీ, ఫిజిక్స్, చరిత్ర అందరికీ తప్పనిసరి. అవి మామూలుగా చెల్లుతాయి. సైనిక శిక్షణ, వ్యాయామం, నాయకత్వం లాంటి కోర్సులను చాలా యూనివర్సిటీలు పక్కన పెడతాయి, లేదా డిగ్రీకి పనికిరాని ఎలక్టివ్‌లుగా రాసుకుంటాయి. ఒక సెమిస్టర్ అటూ ఇటూ అయితే వేల డాలర్ల తేడా. అందుకే ప్రతి కోర్సు సిలబస్ దాచుకోవాలి. సీటు ఒప్పుకోకముందే ఏవి చెల్లుతాయో రాతపూర్వకంగా అడగాలి.

యూనివర్సిటీలు ఇచ్చే పెద్ద మెరిట్ స్కాలర్‌షిప్పులు ఎక్కువగా హైస్కూల్ నుంచి నేరుగా వచ్చేవాళ్లకే. బదిలీ మీద వచ్చేవాళ్లకు మిగిలేది తక్కువ. ఇక్కడ కూడా తేదీ ముఖ్యమే. వేసవి శిక్షణలోనే, తరగతులు మొదలవకముందే బయటికి వచ్చినవాళ్లను కొన్ని కాలేజీలు ఇంకా కొత్త విద్యార్థిగానే చూస్తాయి. ఏప్రిల్‌లో సీటు, స్కాలర్‌షిప్ ఇచ్చి వీళ్లు కాదనుకున్న కాలేజీకి ఆ వారంలోనే ఫోన్ చేయాలి. నామోషీ పడనక్కర్లేదు. అంతకుముందు వాళ్లే కోరి పిలిచిన పిల్లలు కదా.

సైన్యం వైపు నుంచి

వెటరన్ అన్న మాట విని చాలామంది, మాజీ సైనికుల చదువు ఖర్చు భరించే జీఐ బిల్ వస్తుందనుకుంటారు. రాదు. అకాడమీలో గడిపిన కాలాన్ని పోస్ట్ 9/11 జీఐ బిల్‌కు క్రియాశీల సేవగా లెక్కించరు. ఒకే మనిషి ఫాఫ్సా దగ్గర వెటరన్, జీఐ బిల్ దగ్గర కాదు. రెండూ వేర్వేరు చట్టాలు, వేర్వేరు నిర్వచనాలు. దీన్ని ఒకసారి కాగితం మీద రాసుకుంటే సగం గందరగోళం పోతుంది.

అకాడమీ పడలేదు గానీ సైన్యం మీద ఇష్టం పోలేదనే పిల్లలు ఉంటారు. వాళ్లకు మామూలు యూనివర్సిటీలో ఉండే ఆర్ఓటీసీ (చదువుతో పాటు ఇచ్చే ఆఫీసర్ శిక్షణ) స్కాలర్‌షిప్ ఒక దారి. ట్యూషన్ మొత్తం కట్టి, నెలనెలా కొంత సొమ్ము కూడా ఇస్తారు. బదులుగా డిగ్రీ తర్వాత ఆఫీసర్‌గా పనిచేయాలి. అకాడమీ వదిలేటప్పుడు డీడీ 785 అనే ఫారం నింపుతారు. ఈ మనిషిని ముందు ముందు ఆఫీసర్ శిక్షణకు తీసుకోవచ్చా అన్న సిఫారసు అందులో ఉంటుంది. దాన్ని చూడకుండా సంతకం పెట్టి రాకూడదు. ఆర్ఓటీసీ వాళ్లు మొదట అడిగేది అదే.

దెబ్బ తగిలి వచ్చిన పిల్లల సంగతి చెప్పాలి. దీని గురించి వాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ. జీఐ బిల్‌కు పనికిరాని అకాడమీ కాలం, వైకల్య పరిహారానికి మాత్రం పనికొస్తుంది. ఈ మూడు అకాడమీల్లో ఉన్న కాలాన్ని వెటరన్ల శాఖ క్రియాశీల సేవగానే చూస్తుంది. శిక్షణలో పోయిన మోకాలికి, వెన్నుకు, తలకు తగిలిన దెబ్బకు పరిహారం అడగవచ్చు. 20 శాతం వైకల్యం గుర్తించి, దానివల్ల ఉద్యోగానికి ఇబ్బంది ఉందని తేలితే, పునరావాస పథకం కింద కాలేజీ ఫీజు, పుస్తకాల ఖర్చు ప్రభుత్వమే భరించవచ్చు. ఇబ్బంది తీవ్రమైతే 10 శాతానికే అర్హత రావచ్చు. పంతొమ్మిదేళ్ల పిల్లలు "నేనేమీ యుద్ధంలో పడలేదుగా" అని అడగడానికి సిగ్గుపడతారు. వాళ్లకు వయసుతో పాటు ఆ మోకాలూ ముదురుతుంది.

అడగాలంటే కాగితం కావాలి. క్లినిక్‌కు వెళ్లిన ప్రతిసారీ రాసిన చీటీ, ఎక్స్‌రే, ఎంఆర్ఐ, ఫిజియోథెరపీ రికార్డు మొత్తం ప్రతి తీసుకుని రమ్మని చెప్పండి. గేటు దాటకముందే, యూనిఫాం అప్పగించే రోజునే.